టిక్కు పడని పంక్తి

పొద్దున్నే కాఫీ తాగాక శ్యామలాంబ గారు చేసే మొదటి పని, కంప్యూటరు మీది గుడ్డ తియ్యడం. తెల్లటి నూలు గుడ్డ, అంచుకి ఎర్రదారంతో కుట్టు. దాన్ని నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచి, మీట నొక్కి, ఆ ముసలి మిషను గురగురమంటూ లేచేదాకా ఎదురుగా కూర్చుంటారు. తర్వాత మేడ మెట్ల దగ్గరికి వెళ్ళి పైకి కేకేస్తారు.

"అమ్మాయీ, మనదానికి జత దొరికిందా?"

కొత్తవాళ్ళు వింటే ఎవరికో సంబంధాలు చూస్తున్నారనుకుంటారు. పాలు పోసే వెంకన్న అలాగే అనుకుని, ఒకరోజు గుమ్మంలో నిలబడి, "ఆయ్, ధవళేశ్వరంలో మంచి కుర్రాడున్నాడండి, మందుల షాపండి," అని చెప్పబోయాడు. శ్యామలాంబ గారు ఆ మాట విని ఎంత నవ్వారంటే, పాలగిన్నె కింద పెట్టాల్సొచ్చింది.

"మాది అక్షరాలు చదివే పిల్ల వెంకన్నా. మందుల షాపు కుదరదు," అన్నారు.

నేను ఆర్యాపురంలో ఆవిడ పక్కవాటాలో ఉంటాను. ఆవిడ చెప్పేది వినడం నాకిష్టం. వినేకొద్దీ ఆవిడ ఇంకా చెబుతారు. ఈ కథంతా అలా కొంచెం కొంచెంగా తెలిసిందే. చివరి భాగం మాత్రం కళ్ళారా చూశాను.

ఆవిడకిప్పుడు అరవై ఆరేళ్ళు. ఇరవయ్యో ఏట రాజమండ్రి ఇన్నీసుపేటలో ఒక ప్రెస్సులో చేరి, ఆ ప్రెస్సు మూతపడేదాకా ముప్ఫై తొమ్మిదేళ్ళు అక్కడే పనిచేశారు. కాపీ హోల్డరు అంటారు ఆ ఉద్యోగాన్ని. రాతప్రతి చేతిలో పట్టుకుని పైకి చదవడం ఆవిడ పని. అచ్చు ప్రూఫు ముందు పెట్టుకుని, ఆవిడ చదివేది వింటూ అక్షరం అక్షరం చూసుకుంటూ పోవడం ప్రూఫ్‌రీడరు పని. చదివేటప్పుడు కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా నోటితో చెప్పాలి. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. వాళ్ళాయన బతికున్న రోజుల్లో పేపరు చదివి వినిపించమంటే, "గోదావరికి వరద కామా లంకల్లోకి నీరు ఫుల్‌స్టాప్" అని చదివేవారట. ఆయన కళ్ళు మూసుకుని, "ఆహా, ఎక్కడ ఆగాలో తెలుస్తోందే," అనేవారట.

ప్రెస్సులో ఇరవై ఎనిమిదేళ్ళు ఆవిడ చదివింది ఒక్క మనిషికే. ఆయన పేరు జగన్నాథరావు గారు. ఆవిడకంటే ఆరేళ్ళు పెద్ద. సన్నగా, పొడుగ్గా ఉంటారు. చెవి వెనక ఎప్పుడూ ఎర్ర పెన్సిలు. ఆయనకొక నియమం ఉండేది. ప్రూఫు చూసేటప్పుడు అర్థం చూడకూడదు. "అర్థం వెంట పడితే అక్షరం జారిపోద్దండి," అనేవారు. నవలైనా, శుభలేఖైనా, పంచాంగమైనా ఆయనకి ఒకటే. ఒక పేజీ అయ్యాక అడుగున ఆవిడ 'శ్యా' అని రాసేవారు, పక్కనే ఆయన 'జ' అని రాసేవారు. ఆ రెండక్షరాలూ లేకుండా ఏ పేజీ మిషనెక్కేది కాదు.

ప్రెస్సు మూసేసినప్పుడు యజమాని వేంకటేశ్వర్లు గారు ఒక పాత కంప్యూటరూ ప్రింటరూ ఆవిడకిచ్చి పంపించారు. దాంతో ఏం చెయ్యాలో తెలీక, ఆవిడ దాని మీద గుడ్డ కప్పి ఉంచారు. వారానికోసారి గుడ్డ ఉతికేవారు.

మేడ మీద అద్దెకున్న ఫణిశ్రీ, కాలేజీలో జీవశాస్త్రం పాఠాలు చెబుతుంది. నిరుడు వేసవిలో ఒకరోజు కిందకొచ్చి ఆ గుడ్డ ఎత్తి చూసింది.

"పిన్నిగారూ, ఇది రోజంతా ఊరికే కూర్చుంటోంది కదా. దీనికో పని చెప్పనా?"

"ఏం పనమ్మా? పంచాంగాలు దిద్దిన మిషనది. సినిమాలూ అవీ పెట్టకు."

"సినిమాలు కాదండి. పోల్చి చూసే పని."

పోల్చడమంటే ఏంటో ఫణిశ్రీ కుర్చీ లాక్కుని చెప్పింది. మన ఒంట్లో, చేపలో, వరిమొక్కలో, పిండి పులిసేలా చేసే సూక్ష్మజీవుల్లో కూడా ప్రొటీన్లుంటాయి. ఒక్కో ప్రొటీను ఒక పొడుగాటి పూసల దండ. పూసలు ఇరవై రకాలు. ఒక్కో రకానికి ఒక ఇంగ్లీషు అక్షరం. కాబట్టి ఏ ప్రొటీనునైనా కాయితం మీద ఒక వరసగా రాసుకోవచ్చు. కొత్తది దొరికినప్పుడు అది ఒంట్లో ఏం పనిచేస్తుందో తెలీదు. తెలిసినవాటి పక్కన పెట్టి అక్షరం అక్షరం పోలుస్తారు. ఫలానాదానికి దగ్గరగా ఉందని తేలితే, బహుశా దీని పనీ అలాంటిదేనని ఊహిస్తారు. కొన్నిచోట్ల మధ్యలో అక్షరాలు పోయి ఉంటాయి. అక్కడ గీతలు పెట్టి, మిగతాది జరిపి కలుపుతారు.

"అంటే అవుట్," అన్నారు శ్యామలాంబ గారు.

"అవుటేంటండీ?"

"కంపోజు చేసేటప్పుడు మధ్యలో మాటలు ఎగిరిపోతే మేం అవుట్ అనేవాళ్ళం. సరే, చెప్పు."

ఇలాంటి వరసలు కోట్లున్నాయని, ప్రతిదాన్నీ ప్రతిదానితో పోల్చడం ఒక్క మిషను వల్ల కాదని, అందుకే ఎక్కడెక్కడి జనమో తమ కంప్యూటర్లు ఖాళీగా ఉన్నప్పుడు వాడుకోమని ఇస్తున్నారని ఫణిశ్రీ చెప్పింది. కొంచెం పని వస్తుంది. మిషను దాన్ని చేసి తిరిగి పంపుతుంది. మళ్ళీ కొంచెం వస్తుంది.

"బావుంది. చదివేదెవరు, చూసేదెవరు?"

"రెండూ ఇదే చేస్తుందండి."

"ఒక్కత్తే చేసిందాన్ని ఎలా నమ్ముతారే?"

"అందుకే అదే పని ఇంకెక్కడో ఉన్న ఇంకో మిషనుకి కూడా పంపుతారు. రెండు జవాబులూ కలిస్తేనే ఒప్పుకుంటారు. కలవకపోతే మూడోదానికి పంపుతారు."

శ్యామలాంబ గారు కాసేపు మిషను వంక చూశారు. "అవతల కూడా ఒకళ్ళుంటారన్నమాట. అయితే పెట్టు," అన్నారు.

అలా మొదలైంది. మొదటి వారంలో ఆవిడ మిషను నడుస్తుండగానే ప్రేమగా గుడ్డ కప్పేశారు. అది వేడెక్కి ఠక్కున ఆగిపోయింది. తర్వాతినుంచి పని చేసేటప్పుడు గుడ్డ తీసి, రాత్రి పడుకోబెట్టాక కప్పేవారు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఎదురుగా కూర్చుని తెర మీద అంకెలు పెరగడం చూసేవారు. అరవై శాతం, అరవై ఒకటి. తెర మీద ఒక్కో పని పక్కన, పెండింగని గానీ రెండూ కలిశాయని గానీ ఉంటుంది. కలిశాయని తన ఫోన్లో కనిపించిన రోజు ఫణిశ్రీ మెట్లమీంచే, "దొరికిందండీ జత," అనేది. ఆవిడ ముఖం విప్పారేది.

దసరాకి ఒక పొరపాటు జరిగింది. ప్రెస్సులో ఆయుధపూజకి మిషన్లన్నిటికీ బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, ఆపేసేవారు. మూడు రోజులు ఎవరూ మీట ముట్టేవారు కాదు. వాటికీ ఒక పండగుండాలి కదా అనేవారట. శ్యామలాంబ గారు అలాగే చేశారు. కంప్యూటరుకి కుంకుమ పెట్టి, దండ వేసి, ఆపేశారు. నాలుగో రోజు మంగళవారం. మంగళవారం మొదలుపెట్టడమెందుకని ఆగారు. బుధవారం అంటే ఆవిడకి పడదు. గురువారం పొద్దున్న దండ తీసి మీట నొక్కారు.

ఫణిశ్రీ అప్పుడే సెలవుల నుంచి వచ్చింది. తెర చూసి నాలిక కొరుక్కుంది.

"పిన్నిగారూ, గడువు దాటిపోయిందండి. పని వెనక్కి తీసేసుకుని ఇంకోళ్ళకిచ్చారు. మన పేరు పక్కన జవాబు లేదని పెట్టారు."

"జవాబు లేదనా?"

"మరేం పరవాలేదండి. ఇంకోటి వస్తుంది."

"అవతలివాళ్ళు?"

"వాళ్ళెప్పుడో చేసి పంపేశారు. మన జవాబు కోసం తొమ్మిది రోజులు పెండింగులో ఉంది."

"ఎవరే వాళ్ళు?"

"తెలీదండి. ఏదో నంబరుంది, అంతే."

"పాపం, చదివేసి కూర్చున్నారు," అన్నారు ఆవిడ. మామూలు గొంతుతోనే అడిగారు. "అమ్మాయీ, రెండూ ఒకేచోట ఒకే తప్పు చేశాయనుకో. అప్పుడు?"

"అప్పుడు రెండూ కలుస్తాయి కదండీ. ఒప్పనుకుంటారు."

"మూడోదానికి పంపరా?"

"ఎందుకు పంపుతారు? గొడవేం లేదు కదా."

"గొడవేం లేదు," అన్నారు శ్యామలాంబ గారు. ఆ పూట ఆవిడ అన్నం తినలేదు.

సాయంత్రం నేను వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. ఒడిలో ప్లాస్టిక్ కవరు. కవర్లో ఒక పాత కాయితం.

"నీకొకటి చూపిస్తాను. ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు," అన్నారు.

అది చేత్తో రాసిన పంచాంగం పేజీ. ఆషాఢ బహుళం. ఒక్కో రోజుకీ ఒక పంక్తి. వారం, తిథి, నక్షత్రం, చివర వర్జ్యం. ఒక్కో పంక్తి చివర పెన్సిలుతో చిన్న టిక్కు ఉంది. చదివిన ప్రతి పంక్తికీ టిక్కు పెట్టుకోవడం శ్యామలాంబ గారి అలవాటట. ఆవిడ వేలుపెట్టి చూపించారు. మంగళవారం పంక్తి చివర 'వర్జ్యం లేదు.' టిక్కు ఉంది. దాని కింద బుధవారం. దాని చివరా 'వర్జ్యం లేదు.' టిక్కు లేదు. కింద గురువారానికి మళ్ళీ ఉంది.

పదకొండేళ్ళ కిందటి మాట. టైపు చేసే గణేష్‌బాబు కన్ను ఒక 'వర్జ్యం లేదు' నుంచి ఇంకో 'వర్జ్యం లేదు' మీదికి దూకింది. బుధవారం ఎగిరిపోయింది. అలాంటివి పట్టుకోవడానికే ఇద్దరు కూర్చునేది. శ్యామలాంబ గారు ఆ పంక్తి పైకి చదివి ఉంటే, జగన్నాథరావు గారు అది ప్రూఫులో లేదని అక్కడికక్కడే ఆపేవారు. కానీ చదువుతున్న ఆవిడ కన్ను కూడా సరిగ్గా అక్కడే దూకింది. ప్రూఫులో లేనిదీ, ఆవిడ చదవనిదీ ఒకటే పంక్తి. విన్నదీ చూసిందీ కలిశాయి. పేజీ అడుగున 'శ్యా', పక్కన 'జ'.

పంచాంగాలు చుట్టుపక్కల జిల్లాలకి వెళ్ళాక, జంగారెడ్డిగూడెం నుంచి ఒక పురోహితుడు ఫోన్ చేశారట. "ఏమండీ, ఆషాఢంలో మా ఊరికి బుధవారం రాలేదండి. మీ ఊరికి వచ్చిందాండీ?"

వేంకటేశ్వర్లు గారు ఇద్దర్నీ పిలిచారు. "చదివేది ఆవిడ, చూసేది మీరు. ప్రూఫులో లేనిదాన్ని పట్టుకోవాల్సింది ఎవరండీ?" అన్నారు.

"నేనేనండి," అన్నారు జగన్నాథరావు గారు. ఆవిడ చదవకుండా ఉంటారన్న అనుమానం ఆయనకి రానే లేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆవిడ ఒక్క కామా వదల్లేదు. "ఆవిడ చదివే ఉంటారు. నా కన్నే దాటేసింది. నా కళ్ళు పోయాయండి," అన్నారు. చెవి వెనక పెన్సిలు తీసి బల్ల మీద పెట్టి, ఆ రోజే పని మానేశారు.

"మరి మీరేమన్నారు?" అని అడిగాను.

"అప్పటికి నేనీ కాయితం చూళ్ళేదు. మర్నాడు తీసి చూశాను. టిక్కు లేదు. మడిచి సంచీలో పెట్టుకున్నాను."

"చెప్పలేదా?"

"భయం," అన్నారు. "రెండుసార్లు ఆయన ఊరి బస్సు కోసం కోటిపల్లి బస్టాండుదాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. ఆయన మళ్ళీ పుస్తకం పట్టలేదట. శుభలేఖ కూడా చూడరట. ఆత్రేయపురంలో చెల్లెలింట్లో ఉంటున్నారు. కళ్ళు బావున్న మనిషి, లేవనుకుని కూర్చున్నారు. నేను చెబితే ఆయన కళ్ళు ఆయనకొస్తాయి. చెబితే నా ముఖం మళ్ళీ చూస్తారో చూడరో. ఇన్నాళ్ళూ ఆ రెండిట్లో నా ముఖమే చూసుకున్నాను."

చిక్కుడుకాయ ఒకటి తీసి ఒలవడం మొదలుపెట్టారు. "రేపు నాతో రా," అన్నారు.

మర్నాడు ధవళేశ్వరం మీదుగా వెళ్ళే బస్సెక్కాం. బ్యారేజి దాటేటప్పుడు అందరూ నీళ్ళ వైపు చూస్తుంటే ఆవిడ సంచీ వైపు చూసుకున్నారు.

ఆత్రేయపురంలో ఆ ఇంటి పంచలో ఆయన చెల్లెలు సూరమ్మ గారు బోర్లించిన కుండ ముందు కూర్చుని ఉంది. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి వేడి కుండ మీద ఒక్కసారి పరుస్తోంది. గుడ్డ తియ్యగానే కుండ మీద పల్చటి రేకు మిగులుతోంది. పక్కన చాప మీద జగన్నాథరావు గారు రేకులు విడదీస్తున్నారు. చూపు వీధి వైపు, చేతులు రేకుల మీద. కళ్ళజోడు లేదు.

"ఎవరండీ వచ్చింది?"

"నేనండి. శ్యామలాంబని."

ఆయన వేళ్ళు ఆగాయి. ముఖం నిండా నవ్వు వచ్చింది. "శ్యామలాంబ గారు కామా రండి కామా కూర్చోండి ఫుల్‌స్టాప్," అన్నారు.

సూరమ్మ గారు కుండ దగ్గర్నుంచి కదలకుండానే అందుకుంది. "పదకొండేళ్ళకి దారి తెలిసిందాండీ? మా అన్నయ్య రోజూ మీ మాటే. నేను పేపరు చదివి పెడితే, శ్యామలాంబ గారిలా చదవవేమే అని నా మీద సణుగుడు. ఆవిడ్నే తెచ్చుకో అన్నాను."

"నువ్వు కామాలు మింగేస్తావు మరి," అన్నారాయన. మా వైపు తిరిగి, "ఈ పని చూశారా? దీనికి కళ్ళక్కర్లేదండి. రెండు రేకులు అంటుకుంటే కంటికి ఒకటిలాగే ఉంటది. వేలికే తెలుస్తది," అన్నారు.

శ్యామలాంబ గారు కంప్యూటరు సంగతి చెప్పారు. ఇరవై అక్షరాలు, కోట్ల పేజీలు, అవతలెక్కడో ఉన్న జత. ఆయన చిన్నపిల్లాడిలా విన్నారు. "అయితే ఆ మిషనుకీ ఒక జగన్నాథరావు ఉన్నాడన్నమాట. నాకంటే నయమైనవాడే అయ్యుంటాడు," అన్నారు. "నా కళ్ళు ఆ బుధవారంతోనే పోయాయండి. ఆస్పత్రిలో చూపించాను. బానే ఉన్నాయన్నారు. డాక్టరుకేం తెలుస్తుంది, ఆయన పంచాంగం చూడలేదు కదా."

శ్యామలాంబ గారు సంచీలోంచి కవరు తీశారు. "ఇది చూడండి."

"నాకెందుకండి అవి."

"చదవక్కర్లేదు. టిక్కులు చూడండి చాలు."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. కాయితం తీసుకుని వెలుతురు వైపు పట్టుకున్నారు. పైనుంచి కిందికి చూశారు. మళ్ళీ పైకి వెళ్ళారు.

"ఒకటి లేదు," అన్నారు.

"లేదండి. నేను చదవలేదు."

"చదివారు. నా చెవిలో ఉంది."

"లేదండి. నా కన్ను దూకింది. గణేష్‌బాబు ఎక్కడ దూకాడో అక్కడే."

"నేను చూడాల్సింది."

"చూడ్డానికి అక్కడేం లేదండి. ప్రూఫులో లేదు, నా నోట్లో లేదు. మీ కళ్ళు దేన్నీ దాటెయ్యలేదు."

కుండ మీద రేకు మాడిన వాసన వచ్చింది. సూరమ్మ గారు దాన్ని గీకేసింది.

"ఇది మీ దగ్గర ఎప్పట్నుంచి ఉంది?" అన్నారు జగన్నాథరావు గారు.

"పని మానేశారే, ఆ మర్నాటి నుంచి."

ఆయన లేచారు. కాయితం చేత్తో పట్టుకునే ఇంటి వెనక కాలవ వైపు వెళ్ళిపోయారు. మేం చాలాసేపు కూర్చున్నాం. సూరమ్మ గారు రెండుసార్లు వెళ్ళి పిలిచి వచ్చింది. మూడోసారి వచ్చి, "ఇప్పుడు రాడండి. నాకు తెలుసు కదా," అంది. పూతరేకుల పొట్లం శ్యామలాంబ గారు తీసుకోనంటే నా చేతిలో కుక్కింది.

బస్సులో ఆవిడ ఒక్కమాటే అడిగారు. "కళ్ళు బావున్నాయని ఆయనకి అర్థమైందంటావా?"

"అయ్యే ఉంటుందండి," అన్నాను. నాకూ తెలీదు.

ఆ తర్వాత ఆవిడ పొద్దున్నే గుడ్డ తీసి మీట నొక్కడం మానలేదు. కానీ మెట్ల దగ్గరికి వెళ్ళి కేకెయ్యడం మానేశారు. ఫణిశ్రీ తనే రెండుసార్లు కిందకొచ్చి, "జత దొరికిందండీ," అని చెప్పింది. "మంచిదమ్మా," అన్నారు. వెంకన్న కూడా గమనించాడు. "అమ్మగారి పిల్లకి సంబంధం తప్పిపోయిందాండీ?" అని నన్నడిగాడు.

పంతొమ్మిదో రోజున, పదింటికి, గేటు చప్పుడైంది. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచీ, ముక్కు మీద పాత నల్లఫ్రేము కళ్ళజోడు. జగన్నాథరావు గారు గేటు దగ్గరే నిలబడి మా వీధి పేరు బోర్డు చదువుతున్నారు.

"ధవళేశ్వరం నుంచి ఇక్కడిదాకా బోర్డులన్నీ చూసుకుంటూ వచ్చానండి," అన్నారు ఎవరితోనో అన్నట్టు. "పదిహేడు తప్పులు."

శ్యామలాంబ గారు గుమ్మంలోకి వచ్చారు. "కోపం తగ్గిందాండీ?" అన్నారు.

"తగ్గలేదు. పదకొండేళ్ళు మా చెల్లెలి చేత పేపరు చదివించుకున్నానండి. కామాలు లేకుండా." లోపలికి వచ్చి చెప్పులు విడిచారు. "కోపం అలా ఉండనివ్వండి. దాని దారి దానిది. మనకి ఒక పంక్తి మిగిలింది."

సంచీలోంచి ఆ కాయితం తీసి ఆవిడ చేతికిచ్చారు. ఒక పెన్సిలు కూడా ఇచ్చారు. బల్ల ముందు కుర్చీ లాక్కుని, చెవి ఆవిడ వైపు పెట్టి, ఎదురుగా ఏమీ లేని బల్లను చూస్తూ కూర్చున్నారు.

ఆవిడ నిలబడే చదివారు. "బుధవారం కామా తదియ కామా ధనిష్ఠ కామా వర్జ్యం..." ఆవిడ పంక్తి కింద వేలు పెట్టుకున్నారు. ఆయన కదల్లేదు. "వర్జ్యం లేదు ఫుల్‌స్టాప్."

"ఊఁ," అన్నారు ఆయన. ఆవిడ టిక్కు పెట్టారు.

ఈ మాటలు విని ఫణిశ్రీ కిందకి దిగింది. సంగతంతా తెలిశాక, ఆయన మిషను వైపు పదేపదే చూడడం గమనించి, "మామయ్యగారూ, ఇది ఏం పోలుస్తుందో చూస్తారా?" అంది. పిండి పులియబెట్టే ఈస్టులోదీ మనిషిలోదీ ఒకేరకం ప్రొటీను, రెండు వరసలూ ఒకదాని కింద ఒకటి పోల్చి పెట్టిన పేజీ తీసింది. రెండు కాపీలు ప్రింటు తీసి ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది.

"ఇదేం భాషండీ?" అన్నారాయన పేజీ దూరంగా పట్టుకుని.

"అర్థం చూడొద్దండి," అన్నారు శ్యామలాంబ గారు. ఆయన ఆవిడ వంక ఒకసారి చూసి, కళ్ళజోడు సర్దుకున్నారు. నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండడానికి కష్టపడ్డారు.

ఆవిడ మొదలుపెట్టారు. "ఎం, కె, వి, ఎల్, గీత, ఎస్, టి..." నేనా గొంతు అంతకుముందు వినలేదు. మాట్లాడేటప్పటి గొంతు కాదది. ఎక్కడా ఎక్కదు, దిగదు. సన్నటి వాన పెంకుల మీద పడుతున్నట్టు ఒకే ధారగా నడుస్తుంది. ఆయన పెన్సిలు దానితోపాటే నడిచింది. వంటింట్లో కుక్కరు కూసింది. ఎవరూ లేవలేదు. నేనే వెళ్ళి పొయ్యి కట్టేశాను.

తిరిగొచ్చేసరికి రెండో పంక్తి మధ్యలో ఉన్నారు. "జి, ఎ, గీత, డి, కె..."

"ఆగండి," అన్నారు జగన్నాథరావు గారు.

ఆవిడ ఆగారు.

"డి ముందు రెండు గీతలు. మీరు ఒకటే చదివారు."

"రెండు చదివానండి."

"ఒకటి."

"రెండండి. అమ్మాయీ, నేను రెండు చదవలేదూ?"

ఫణిశ్రీ నా వైపు చూసింది. నేను వంటింట్లో ఉన్నానని తప్పించుకున్నాను. శ్యామలాంబ గారు పేజీ కళ్ళకి దగ్గరగా తెచ్చుకుని చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ కావాలని వదల్లేదు. నాకు తెలుసు, ఎందుకంటే అంత కోపం నటనకి రాదు.

"ఒకటే చదివాను," అన్నారు చివరికి, చిరాగ్గా.

జగన్నాథరావు గారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో అద్దాలు తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత పేజీ మీద వేలుపెట్టి, ఆ వేలు అక్కడే ఉంచి, "పట్టుకున్నాను," అన్నారు. అది ఆవిడతో అన్నట్టు లేదు.

"పట్టుకున్నారు లెండి," అన్నారు ఆవిడ. "జి దగ్గర్నుంచి మళ్ళీ చదువుతాను. సరిగ్గా చూడండి."

"మీరు సరిగ్గా చదవండి."

"జి, ఎ, గీత, ఇంకో గీత, డి..."